తడి మీద కోయకూడదు

తలుపు గడియ వేశాను.
బీరువా అద్దానికి అంటించి మర్చిపోయిన బొట్టుబిళ్లలు
సరిగ్గా ఎడమకన్ను దగ్గర.

లేసు కత్తెర అమ్మది. కొంగముక్కంత సన్నం.
దారం తప్ప ఇంకేం కోసినా
నరసాపురం మొత్తం వినేలా అరుస్తుంది.

నడినెత్తి నుంచి ముక్కోణంగా పాయ తీసి
దువ్వెనతో తడిపి, రెండువేళ్ల మధ్య బిగించి
కనుబొమల కిందుగా
ఒక్క కోత.
ఎండుగడ్డి మీద మేక పన్ను పడ్డ చప్పుడు.

తడిజుట్టు అబద్ధమాడుతుంది.
ఆరేసరికి అంగుళం పైకి పాకింది.
పాటుకి గోదారి వెనక్కి తీసి
బురదంతా చూపించినట్టు
నా నుదురు బయటపడింది,
రెండో తరగతిలో రేవుమెట్ల మీద పడ్డ మచ్చతో సహా.

కుడిపక్క సరిచేస్తే ఎడమ పొడుగు.
ఎడమ సరిచేస్తే
ఇంక చాల్లే, ఆపేశాను.

తెల్లదారం ఉండకి ముంగురులు చుట్టి
పిన్ను గుచ్చి
కరెంటు లేని సాయంత్రం
విసనకర్ర పట్టుకుని కూర్చున్నా, వంపు తిరుగుతుందేమోనని.

అమ్మొచ్చి ముందు కత్తెర చూసింది. తర్వాతే నన్ను.
"అల్లిక తప్పితే ఊడదీసి మళ్లీ అల్లుకోవచ్చే, వీరవేణీ.
దీన్నెలా ఊడదీస్తావ్?"

గడ్డం పట్టి దీపంవైపు తిప్పింది.
పోగులు ఎత్తినట్టు కొసలు ఎత్తి
కత్తెర నిలువుగా పెట్టి
చిన్నచిన్నగా కొరికించింది.

రేపు షెడ్డులో అడిగితే ఏం చెప్పను?
"కొత్త డిజైనని చెప్పు."

దీపం తీసుకుని వెళ్తూ వెళ్తూ
అద్దం ముందు ఆగి
తన నుదుటికి అడ్డంగా రెండువేళ్లు పెట్టి
చూసుకుంది.