మాటిమాటికి

నన్ను నాని అని పిలిచింది మా నాన్న.
కొడుక్కని దాచుకున్న పేరు.
గుంట పుట్టిందని పారేస్తాడా,
నాకే తొడిగేశాడు,
చేతులు కాస్త పొడుగైనా.

పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చెక్కే వీధి మాది.
గుమ్మం దిగితే భాష మారుతుంది.
ఎదురింటి టుకునా నాకంటే మూడేళ్లు పెద్ద.
మా నాన్న కేక విని వాడూ "నానీ" అన్నాడు.
ఒడియాలో నానీ అంటే అక్క.

అలా ఆరేళ్లకే
వీధి వీధంతటికీ అక్కనైపోయాను.
తెగిన గాలిపటం, తప్పిపోయిన మేక,
లెక్కల్లో వచ్చిన సున్నా
అన్నీ నా దగ్గరికే తీర్పుకొచ్చేవి.

సుకాంతి మావుసి అన్నం పెడుతూ "ఆఉ?" అనేది.
నేను పెరటి వైపు చూసేదాన్ని,
వీళ్లకి ఆవు లేదే అని.
ఇంకా కావాలా అని అడుగుతోందని
చాలా పూటలు తిన్నాక గాని తెలీలేదు.
చాలు, అంటే
టుకునా చెప్పులేసుకుని సిద్ధం.
చాల అంటే వాళ్లకి, పద, నడు.

నాన్న అరుగు మీద విసనకర్రతో
"ఏటి గాలి, ఏటి గాలి" అంటుంటే
లోపల్నుంచి మావుసి నవ్వు.
పొద్దున్నే తిట్లు మొదలెట్టాడా మీ నాన్న, అని.

దర్జీ బిసోయి మూడు వారాలు
ఒకటే మాట చెప్పాడు: కాలి.
రేపు అని అర్థం. నిన్న అని కూడా.
నేను మాత్రం పండక్కి కుట్టే పావడా
కాలిపోయిందని దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను.

మట్టి వాళ్లకి మాటి.
మాటిమాటికి అని మనమంటే,
సగం వాళ్ల చెవితో, సగం నా చెవితో
వింటాను నేను:
మట్టి నుంచి మట్టికి.

ఇప్పుడు పురుళ్ల వార్డులో
పేర్లు రాసే ఉద్యోగం నాది.
వాణి అంటారు, ఒడియా గడిలో బాణి అవుతుంది.
వసంత బసంత అవుతాడు.
ఏడుపుకి మాత్రం ఏ గడీ లేదు రిజిస్టర్లో.

ఓ మధ్యాహ్నం కొండ దిగొచ్చిన సవర ముసలమ్మ, రొయిబారి,
మనవరాలి మంచం పక్క నుంచి
"డా... డా" అంది.
దా అంటోందని నేను లేచి వెళ్లాను.
వార్డు బాయ్ కంగారుపడ్డాడు,
ఆస్పత్రిలో కొడవలెందుకమ్మా అని.
ఒడియాలో దా కొడవలి.
ఆమె దోసిలి నోటికానించి చూపించింది.
నీళ్లు.
అంతసేపూ మూడు భాషల మధ్య
నిలబడే ఉంది ఆ దాహం.

జబ్బు భయం రోజుల్లో
రోడ్డుకడ్డంగా వెదుళ్లు కట్టారు.
కొమ్ము కొనడానికి పాతపట్నం వెళ్లిన నాన్న
అవతలే ఉండిపోయాడు.
సాయంత్రం ఫోను:
"నానీ, బోర్డు మీద ఏదో రాసుందే.
కూడబలుక్కున్నాను... ప్ర, వే, శ, ఆనక మ, నా.
మన అనే కదా? మనోళ్లమనే కదా?
మరి పోలీసేటి ఎళ్లనివ్వడు?"

మనా అంటే వద్దు, నాన్నా.
నిషేధం.
ఒక్క దీర్ఘం తేడా.
చెప్పడానికి నోరు రాలేదు.
ఎవరో తప్పు రాసుంటారులే అన్నాను.

ఆ రాత్రి టుకునా ఎవరికీ చెప్పలేదు.
మహేంద్రతనయలో మోకాలి లోతు నీళ్లు,
పైన అరకొర వెన్నెల.
తెల్లారగట్ల తలుపు దగ్గర
రెండు గొంతులు ఒకేసారి
"నానీ!"
ఒకటి అక్కని పిలిచింది.
ఒకటి కొడుకునో కూతుర్నో పిలిచింది.
నేను దేనికి పలికానో
ఇప్పటికీ తెలీదు, గడియైతే తీశాను.

పంచె అంచు నిండా ఏటి ఇసక.
తిట్టింది మావుసి, ఇద్దర్నీ కలిపి,
ఆ గాలి మాత్రం నాన్నకి బాగా అర్థమైంది.
కంచం పెట్టింది. పప్పు పోసింది.
గరిటె ఎత్తి "ఆఉ?" అంది.

నాన్న తలెత్తి
పెరటి వైపు చూశాడు.