ఆకుపచ్చ ఇటుక

పుచ్చకాయ పెట్టొద్దు, అంది కునియో.
నీళ్లు తప్ప ఏముంటాయి దాంట్లో, కడుపు జారుతుంది పురుగుకి.
పురుగుకి కడుపుంటుందని
షిన్‌పేయికి అప్పుడే తెలిసింది.

అసలు వాడొచ్చింది అందుకు కాదు.
మెట్ల మీద సీసా చేజారింది.
పోయినేడు ఆకులు రాలేప్పటి నుంచి
పులిసిన చెక్కపొట్టు తిని తిని
ముప్పై ఒక్క గ్రాములు తూగిన పిల్ల
తన పెంటతోనే గోడలు మెత్తి కట్టుకున్న గది
పగిలిపోయింది.
లోపల, ఇంకా కొమ్ము పురుగు కానిది,
ముంజ రంగులో, కాళ్లు ముడుచుకుని,
ఎవరో లేపుతుంటే విసుక్కున్నట్టు
నడుము మాత్రం తిప్పుతోంది.

ఈదా ఊళ్లో, దహనశాలకెళ్లే దారిలో,
ముప్పై ఎనిమిదేళ్లు పూలకొట్టు నడిపింది కునియో.
మూసేశాక మిగిలినవి:
తుప్పు పట్టిన షట్టరు, ఒక వంకర కత్తెర,
రెండు పెట్టెల ఆకుపచ్చ స్పాంజి ఇటుకలు.
పోయినవాళ్ల ఫొటో చుట్టూ
తెల్ల చామంతుల్ని నిలబెట్టే ఇటుకలు.
వేలు నొక్కితే గుంట అలాగే ఉండిపోతుంది,
మళ్లీ పైకి లేవదు.

ఒకదాన్ని నీళ్లలో వదిలింది.
దానంతట అదే మునగాలి, తొయ్యకూడదు.
టీ చెంచాతో నిలువుగా తవ్వింది,
కోడిగుడ్డు కంటే కాస్త పొడుగు,
కొమ్ము పైన అరవేలు ఖాళీ.
లోపలంతా బొటనవేలితో నున్నగా రుద్దింది
పసివాడి మాడుకి నూనె అంటినట్టు.

మాటిమాటికీ చూడకు, అంది. వాడు రోజూ చూశాడు.
ముంజ పసుపెక్కింది, పసుపు ఇటుక రంగైంది,
కళ్లు ముందే నల్లబడ్డాయి.
పద్దెనిమిదో రోజు తోలు చిట్లి
తెల్లటి రెక్కలు, తడివి.
సాయంత్రానికి చింతగింజ రంగు.

నల్లబెల్లం జెల్లీ కప్పు మూత పీకి తెచ్చాడు షిన్‌పేయి.
తినలేదు.
మర్నాడూ తినలేదు. అరటిపండు ముక్కా ముట్టలేదు.
"పచ్చిగోడ రా అది, లోపలింకా ఆరలేదు.
అడిగేదాకా ఆగు."
పురుగు ఎలా అడుగుతుందో చెప్పలేదు.

పదకొండో రాత్రి
కొట్టు గల్లాబల్ల మీద
ప్లాస్టిక్ డబ్బాలో ఏదో దొర్లింది.
లైటేసి చూస్తే
జెల్లీ కప్పు బోర్లా, దాని కింద పురుగు,
మూతి కుచ్చు మొత్తం ముంచి.
ఎత్తబోతే
ఆప్రాన్ మీద చిమ్మింది, సన్నగా, గురి చూసి.
ఓహో, అంది కునియో.

పొద్దున్నే వాడికి చెప్పాలి.
నిద్ర మాత్రం రాలేదు.
బల్ల కింది పెట్టెలు ముందుకు లాగి
ఇటుకలు లెక్కపెట్టింది,
ఇరవై మూడు.