రెండు చీటీలు

పొగతోటలో మూడో సందు, మెట్ల కింద మా ల్యాబు.
వాయుగుండం పట్టి నాలుగో రోజు.
గొడుగుల నీళ్ళు గడప దాకా వచ్చి
లోపలికి రావాలా వద్దా అని ఆగాయి.

తుపాకుల పోలయ్య జేబు తడిమి చీటీ ఇచ్చాడు.
చదివాను:
తెల్లమచ్చ వైరస్, లేదు.
విబ్రియో, లెక్కకు మించి.
"ఇది నీ బిడ్డది కాదు పోలయ్యా!"
"అయ్యో, అది మా గుంటలో రొయ్యలదమ్మా,
బిడ్డది ఇంకోటుండాది."

రెండో చీటీ సగం నానింది.
మోక్షిత, మూడేళ్ళు. జ్వరం, దగ్గు.
నిమిషానికి ముప్పై ఎనిమిది ఊపిర్లు.
సి.ఆర్.పి. చూడండి.
డాక్టర్ మాలకొండయ్య గారి రాత,
బెల్లానికి పోయే చీమల్లా ఓ పక్కకు వాలి.

ఉంగరం వేలు పట్టుకున్నాను.
వేడికి నా గ్లవ్ లోపల కూడా చెమట పట్టింది.
గురివింద గింజంత రక్తం.
ఏడవడానికి నోరు తెరిచింది, దగ్గే వచ్చింది.

మిషను నాలుగు నిమిషాలు అడుగుతుంది.
ఆ నాలుగు నిమిషాల్లో జనం నాకు అన్నీ చెప్పేస్తారు.
"పోయినేడు మిగిలిన యాంటీబయాటిక్ సీసా ఉంటే
పొద్దున అరచెంచా పోసినామ్మా."
ఎందుకన్నాను.
"పోస్తే పోయేదేముంది?"

నేనేమీ అనలేదు. గుంట సంగతి అడిగాను.
"ఆ కథ అడగబాక! పోయినేడు తెల్లమచ్చ తగిలింది.
మందుకు లొంగదని ఊరంతా చెప్పినా
ఓనరు డబ్బాలు డబ్బాలు కుమ్మరించినాడు.
రొయ్య ఎట్టా చావాల్నో అట్టే చచ్చింది.
మిగిలింది పట్టి పంపితే
మందు ఉండాదని కంటెయినరు తిరిగొచ్చె..."

అక్కడ ఆగిపోయాడు.
తువ్వాల్లో చుట్టిన బిడ్డ వైపు చూశాడు.
సెంట్రిఫ్యూజ్ తిరిగే చప్పుడు తప్ప
గదిలో ఇంకేం లేదు.

పదకొండు.

మంచి అంకే. బాక్టీరియా చొరబడితే
కాలేయం దండోరా వేయిస్తుంది, డప్పు గట్టిగా మోగుతుంది.
ఇక్కడ మెల్లగానే మోగింది.
కానీ ఆ డప్పువాడు ఆలస్యంగా నిద్రలేస్తాడు.
దొంగ దూరిన సగం రోజుకి గానీ వీధిలోకి రాడు.
కొన్ని వైరస్‌లైతే వాడి చేత ఉత్తినే వాయిస్తాయి.

అల్లూరు పిల్లాడికి
ఒక సాయంత్రం తొమ్మిది వచ్చింది.
నవ్వుతూ చెప్పాను వాళ్ళమ్మకి.
మర్నాడు అదే వేళకి నూట నలభై.
వాడు బతికాడు. పదిహేను రోజులు పట్టింది.
అప్పట్నుంచి నేను
అంకె చెప్పేటప్పుడు నవ్వను.
పక్కనే గంట రాస్తాను:
ఆరుంబావు, జ్వరం మొదలై పద్నాలుగు గంటలు.

ఇంకా తేల్చి చెప్పే పరీక్ష ఒకటుంది, ప్రోకాల్సిటోనిన్.
రక్తం చెన్నై బస్సెక్కాలి,
పోలయ్య నాలుగు రోజుల కూలి దానితో పాటు ఎక్కాలి.
డాక్టరు గారు అది రాయలేదు. యాంటీబయాటిక్కూ రాయలేదు.
జ్వరం మందు, నీళ్ళు, గంజి.
డొక్కలు ఎగరేసినా, పాలు మానేసినా
అర్ధరాత్రైనా తీసుకురా, లేకపోతే రేపు రా.

"రేపా? రాత్రంతా ఏరేటర్ల కాడ ఉండాలమ్మా."
మెట్ల దాకా పోయి వెనక్కొచ్చాడు.
"ఆ సీసా ఏం చెయ్యమంటావు?"
పారెయ్యమన్నాను.
"గుంటలో మటుకు పొయ్యబాక" అని
మొదటిసారి నోరు విప్పింది బిడ్డ తల్లి.
మేం ముగ్గురం నవ్వాం, ఎందుకో తక్కువగా.

రొయ్యల చీటీ బల్ల మీదే మర్చిపోయారు.

మర్నాడు పదయింది. పన్నెండయింది.
విడవలూరు రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళని ఎవరో అన్నారు.
రిజిస్టర్లో తుపాకుల మోక్షిత అని రాసి
పక్క గడి ఖాళీగా ఉంచాను.
పేరు వచ్చిన ప్రతిసారీ కళ్ళు గడప మీదికి పోయాయి.

మూడున్నరకి తడి చెప్పుల చప్పుడు.
తండ్రి భుజం దిగి తనే నడిచి వచ్చి
స్టూలెక్కి కూర్చుంది.
నిన్నటి వేలు గుప్పిట్లో దాచుకుని
పక్క వేలు చాపింది.