గ్రాసియాస్

సాల్తోలో జూలై అంటే నారింజల కాలం.
తెల్లారకముందే షెడ్డులో బెల్టు కదులుతుంది.
మంచి కాయ కుడికి, మచ్చ కాయ ఎడమకి,
పదకొండేళ్లుగా నా చేతులకి నేను చెప్పక్కర్లేదు.

ఇవాళ ఒక కాయ నలిగి
రసం మొహమ్మీద చిందింది.
వాసన రాలేదు.

ఇంకోటి తీసి గోరుతో గిచ్చాను.
గోటి చివర మంట, అంతే.
రాత్రి దగ్గిన దగ్గు అప్పుడు గుర్తొచ్చింది,
చలిగాలి అనుకుని తిట్టుకుని పడుకున్న దగ్గు.

ఎనిమిదింటికి మాతే.
విల్మార్ చంకలో ఫ్లాస్కు, చేతిలో సొరబుర్ర,
ఒకటే వెండి గొట్టం, ఏడు నోళ్లు.
ఎంగిలి అని ఇక్కడెవరూ అనరు.
గొట్టం తుడిచినవాడి పక్కన
మళ్లీ ఎవరూ కూర్చోరు.
నా పక్కన హిమేనా. ఎనిమిదో నెల.
నా తర్వాత గొట్టం తన పెదాలకే.

"గ్రాసియాస్" అన్నాను.
చాలు అని అర్థం, తాగడం అయిపోయిందని.
ఒక్క గుక్కైనా తాగకుండా ఆ మాటంటే
మొహమ్మీద తలుపేసినట్టే.
విల్మార్ చెయ్యి ఆగిపోయింది.
"నేనేం చేశానే గ్రిసెల్డా?"

రెండడుగులు వెనక్కి వేసి, మోచేతి మడతలోకి దగ్గి,
చెప్పాల్సింది చెప్పాను.
హిమేనా పొట్ట మీద చెయ్యి వేసుకుంది.
మేస్త్రీ కూలి కోత సంగతెత్తి
"రేపు చూద్దాంలే" అన్నాడు.
రేపటికి ఏడు నోళ్లు, అన్నాను.

బస్సెక్కలేదు. శాలువా ముక్కు దాకా లాక్కుని
నది వెంట నడిచాను.
ఫోన్లో నర్సు నీబియా:
"నాలుగు దాటాక రా, పక్క గేటుకి.
లోపలికి రాకు, బెల్లు కొట్టు, మాస్కు నేనే తెస్తా.
ఊపిరి ఆడకపోతే మాత్రం నాలుగు దాకా ఆగకు."

ముక్కులో పుల్ల పెట్టి తిప్పింది. కళ్లమ్మట నీళ్లు.
జవాబు వచ్చేదాకా ఉందనే అనుకో, అంది,
లేదని తేలితే పోయేదేముంది, కాస్త విసుగు.

విసుగే.
కిటికీ బార్లా తెరిచి, గదిలోనే కోటు వేసుకుని కూర్చున్నాను.
తమ్ముడు గుమ్మం దగ్గర కంచం పెట్టి
రెండుసార్లు తట్టి వెళ్లిపోతాడు.
నా మాతే నేనే పోసుకుని నేనే తాగి
ఎవరికందించాలో తెలియక
చెయ్యి కాసేపు గాల్లో ఆగుతుంది.

మూడో రోజు ఫోను మోగింది.
నాకు ఉందట.
హిమేనాకి లేదు.

పొద్దున్నే కిటికీ గట్టు మీద ఒక నారింజ.
గోరుతో గిచ్చి ముక్కుకి అద్దుకుంటాను.
నాలుగో రోజు తొక్క. ఐదో రోజు తొక్క.
ఆరో రోజు
ఏదో తగిలింది, పలచగా,
వాసనో, పదకొండేళ్ల అలవాటో.

ఇంకోటి గిచ్చాను.