వరసలు

మిల్లు ఆఫీసు మేడమీద గదిలో
నాలుగు బీరువాల మాన్యువళ్లు.
బైండింగు ఊడిన వెన్నులు, ముతక ఇంగ్లీషు,
పేజీ తిప్పితే గోగునార దుమ్ము. తుమ్ము ఆగదు.
"ఇదంతా కంప్యూటర్లోకి ఎక్కించెయ్యండి" అన్నారు మేనేజరు,
బస్తాలు లారీకెక్కించమన్నంత తేలిగ్గా.

ఎక్కించడం కాదండీ, ముందు విడదీయాలి.
యంత్రం ఒక పట్టికలో, దాని భాగాలు ఇంకో పట్టికలో,
విప్పే తీరు ఒకచోట, బిగించే తీరు వేరేచోట.
"కరెంటు ఆపి, తాళం వేసి, ఆ తర్వాతే మూత తియ్యాలి."
ఈ ఒక్క వాక్యం నూట పన్నెండు చోట్ల ఉంది,
తొమ్మిది రకాలుగా.
రెండు చోట్ల తాళం ఊసే లేదు.
అన్నీ కొట్టేసి ఒక్కచోట రాసి పెట్టాను,
ఏ మిషను గురించి ఎవరడిగినా
అక్కణ్ణుంచే వెళ్తుంది.

గవరయ్య మేస్త్రి టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు.
"ఏటమ్మా ఈ గళ్లు, పద్దు పుస్తకంలాగ?"
ప్రతిదానికీ ఒక నంబరు, మేస్త్రీ.
ఆ నంబరు పట్టుకుని ఈ పట్టికకీ ఆ పట్టికకీ లంకె.
ఓ గుక్క తాగాడు.
"అంటే ఇంటిపేరడిగి వరస కలపడమే గదేటి.
నెల్లిమర్లలో బస్సెక్కినోడు మీదే ఊరంటాడు,
గుర్ల దాటీసరికి మావయ్యైపోతాడు."
మూడేళ్ల కాలేజీలో ఎవరూ ఇలా చెప్పలేదు నాకు.

ఆ వేళ నుంచి మధ్యాహ్నాలు ఆయనకొక పని.
అంచుల్లోని పెన్సిలు రాతలు చదివి చెప్పడం.
సగం ఆయనవే. కొన్ని ఆయన గురువువి.
కొన్ని ఎవరివో, ఆయనకీ తెలీదు.
"ఈ నట్టు వానల్లో వదులవుతాది."
"పుస్తకంలో కొలత నమ్మొద్దు. అరనూలు తక్కువ."
"చంటిపిల్ల ఏడుపులాగ సన్నగా వస్తే బెల్టు,
ముసలోడి దగ్గులాగ వస్తే బేరింగు."

దగ్గుని ఏ గడిలో పెట్టను?
రిమార్కులు అని ఒకటుంది, అన్ని ఆఫీసుల్లోనూ ఉండేదే.
గుమ్మం బయట చెప్పుల కుప్పలాంటిది,
ఎవరికి తోచింది వాళ్లు విడిచిపోతారు.
రాత్రి కూర్చుని కొత్త గడి కట్టాను:
శబ్దం.

పదిహేడో నంబరు కార్డింగు మిషను పేజీలో
పెన్సిలు కాదు, ఎర్ర సిరా.
"ఎర్రన్న. 12-3-91."
ఇదే పార్టు మేస్త్రీ?
గ్లాసు కింద పెట్టాడు.
"పార్టు కాదమ్మా. మా తోడల్లుడు.
తాళం మాట ఆ మర్నాడు రాసినారు."
ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.
కింద షిఫ్టు సైరను కూసింది.

నూట పన్నెండు చోట్ల నుంచి ఏరి
నేను నునుపు చేసుకున్న వాక్యం.
దాని పక్కన, అచ్చులో రాని గడి ఒకటి చేర్చాను:
ఎందుకు.
అందులో పేరు, తేదీ.
చూసేవాళ్లకి అక్కర్లేనివి కనిపించకుండా చేయడం
నా జీతంలో భాగమే.
ఇది దాచేటప్పుడు మాత్రం
వేలు మీట మీదే కాసేపు ఉండిపోయింది.

ఇప్పుడు ప్రతి మిషనుకీ ఒక స్టిక్కరు.
ఫోను చూపిస్తే చాలు, తెలుగులో వస్తుంది.
మొన్న రెండో షిఫ్టులో, ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుసుమ
శబ్దం గడి చదివి, చెవి ఒగ్గి,
మళ్లీ చదివి,
మేడమెట్లు ఎక్కి వచ్చింది.
"ఏడుపూ కాదు, దగ్గూ కాదు మేడం.
అప్పడాలు నలిపినట్టుంది. మీదాంట్లో అది లేదు."

గవరయ్య రిటైరై రెండు నెలలు.
ఫోను చేసి, మిషను దగ్గర పెట్టి వినిపించాం.
అవతల చాలాసేపు ఏమీ లేదు. కోళ్లు. ఎవరో బకెట్టు దించిన చప్పుడు.
"ఇది నానెరగనమ్మా" అన్నాడు.
"ముందు కరెంటాపి తాళమెయ్యండి."

వేశాం.
కుసుమ మూత బోల్టులు విప్పుతోంది.
నేను కొత్త వరస తెరిచి
శబ్దం దగ్గర అప్పడం అని కొట్టి,
కారణం గడి ఖాళీగా ఉంచి
ఆమె వైపు చూస్తున్నాను.