సభ్యురాలు నంబరు 2117

మంగళవారం నాలుగింటికి ఏప్రన్ కట్టుకుంటాను.
రెండు గంటలు కందిపప్పు డబ్బాలు నింపితే
నెలాఖరు బిల్లులో నూటికి పది తగ్గుతుంది.
ఈ కొట్టుకి యజమాని లేడు.
లేడంటే, రెండు వేల పైచిలుకు మందిమి ఉన్నాం,
అందులో సగం మందికి
టమాటా ధర మీద ఎప్పుడూ ఫిర్యాదే.
నేనూ ఆ సగంలోనే.

సెయింట్ పాల్‌లో జూలై అంటే
ఏడు నెలలు కోట్లలో దాచిన మోచేతులన్నీ
ఒక్కసారిగా వీధిన పడటం.
మొక్కజొన్న పొత్తులు వ్యాను దిగుతాయి,
పీచు ఇంకా తడారకుండానే.
ఆర్విడ్ ఒక్కోదాని పొర కొంచెం ఒలిచి
గింజని గోటితో గిల్లుతాడు.
పాలొస్తే సరే.
రాకపోతే రైతు మొహం చూడకుండా పక్కన పెడతాడు.
డెబ్బై తొమ్మిదేళ్ళు. సభ్యుడు నంబరు 14.
పేరుకన్నా ముందు నంబరు చెబుతాడు.

ఆ సాయంత్రం ఐదుంబావుకి
పెద్ద ఫ్రీజరు ఆగిపోయింది,
మాట మధ్యలో మనిషి లేచి వెళ్ళిపోయినట్టు.
కొట్టంతా అంత చప్పుడు మోస్తోందని
అది ఆగాకే తెలిసింది.

మెకానిక్ రేపొస్తానన్నాడు.
లోపల నలభై డబ్బాల ఐస్‌క్రీమ్,
జూన్‌లో మేమే కూర్చుని తొడిమలు తీసిన స్ట్రాబెర్రీలు.
కొత్త ఫ్రీజరు కొనాలా వద్దా అని
మార్చి మీటింగులో మూడు గంటలు వాదించుకున్నాం.
వద్దని చెయ్యెత్తినవాళ్ళలో నేనున్నాను.
ఎవరూ ఆ మాట ఎత్తలేదు.
హోదన్ మాత్రం ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి
"నీ ఓటు. నువ్వే తిను" అంది.

పార్కింగులో బల్లలు వేశాం.
దారినపోయేవాళ్ళని కూడా పిలిచాం.
చెంచాలు చాల్లేదు;
పిండి డబ్బాల్లో గరిటెలు కడిగి తెచ్చాం.
ఒక పిల్ల మొక్కజొన్న పొరని దొన్నెలా మడిచి
కారిపోతున్న వెనీలాని మోచేతిదాకా తాగింది.

అప్పుడు కనిపించింది
మూడో నంబరు కారు గీత పక్కన,
కాంక్రీటు పగుల్లో,
ఎర్ర కాడ, బొద్దు ఆకు, నేలకంటుకుని పాకుతూ
గంగవాయిలి.
పప్పులోకి దీన్ని మించింది లేదని
మా చిన్నమ్మ కోర్టులోనైనా సాక్ష్యం చెప్పేది.
వంగాను.
"అక్కడ కుక్కలు ఆగుతాయి" అన్నాడు ఆర్విడ్.

పా టూ నవ్వింది.
బర్మా సరిహద్దు నించి వచ్చి
ఊరి బయట నాలుగెకరాలు కౌలుకి చేస్తుందామె.
ఆ పొత్తులు ఆమెవే, పక్కన పెట్టినవి కూడా.
వ్యానులోంచి ఒక బకెట్ దించింది,
నిండా అదే ఆకు.
పొద్దున కలుపు తీసిందట, కోళ్ళకి వేద్దామని.

నేను నింపిన డబ్బాలోంచే పప్పు తూచి
నా ఖాతాలో రాశాను.
హోదన్ చింతపండు తెచ్చింది, లెక్క రాయకుండా.
వెనక వంటగదిలో కుక్కరు లేదు,
గంటన్నర పట్టింది.
ఇక్కడి జూలై పొద్దుకి తొందర లేదు,
తొమ్మిదిదాకా కూర్చుంది మాతో.

ఆర్విడ్ అదే గిన్నెలో పోయించుకున్నాడు,
అడుగున కొంచెం స్ట్రాబెర్రీ ఉండగానే.
ఒక ముద్ద తిన్నాడు.
మాట్లాడలేదు.
ఇంకో ముద్ద తిని
"దీనికి ధర ఎంత పెట్టాలి?" అన్నాడు.
అతని దగ్గర అంతకు మించిన మెప్పు లేదు.

వచ్చే మంగళవారం వెళ్ళేసరికి
ఆకుకూరల వరసలో కొత్త పెట్టె,
పలక మీద సుద్దతో వంకర అక్షరాల్లో దాని పేరు,
గంగలో ఒక గ తక్కువ.
పౌను నాలుగు డాలర్లు.

పార్కింగులో ఊరికే మొలిచేదానికి నాలుగు డాలర్లా!
ఫిర్యాదు పుస్తకంలో అరపేజీ రాశాను.
కింద సంతకం, 2117.
రెండు కట్టలు కొనుక్కున్నాను.

వెళ్తూ వెళ్తూ పుస్తకం మళ్ళీ తెరిచి చూస్తే
నా అరపేజీ కింద
వణుకుతున్న పెన్సిల్ గీతలు:
పా టూ మూడే అడిగింది. నాలుగు నేనన్నాను.
14.