రెండు ప్రశ్నలు

సోహార్. ఉప్పు తీసే ప్లాంటు. రాత్రి షిఫ్టు.
తొమ్మిదేళ్ల కొలతలు ఒకే ఫైల్లో,
నా మెషీను మెమరీకి పదింతలు.

నా భాష సోమరిది.
చదవమంటే ఊఁ అంటుంది, చదవదు.
అడిగినప్పుడు, అడిగినంతే:
ఒక వరుస వచ్చి, లెక్కై, పోతుంది
పైపులో సముద్రంలా.

మరి మూడుసార్లు ఎందుకు కూలింది?

పంపుల కాడి పోశన్న చాయ్ పెట్టి
నా గోడు విని అన్నడు:
"పోయిన నీళ్లను మళ్ల కొలుస్తనంటే
తొట్టి కట్టాలె గద, మేడమ్."

మొత్తమెంత అని ఒకసారి,
వరుసలెన్ని అని ఇంకోసారి.
ఆ రెండోదాని కోసం
మొట్టమొదటి వరుస కొసను
నేనే పట్టుకు కూర్చున్నాను.

రెండూ ఒకే నడకలో అడిగాను,
ఎప్పటి కూడిక అప్పుడే.

నాలుగైంది. ఫైలింకా పారుతోంది.
మెమరీ గీత లేవలేదు.
చాయ్ మీద తెట్టు కట్టింది.